గేటు దగ్గర నిలబడాల్సిన మనిషి

మొన్న నెలాఖరులో ఆబిడ్స్‌లో మా బ్యాంకుకు వెళ్లాను. పింఛను ఖాతాకి ఏవో కొత్త వివరాలు కావాలట, ఫారం నింపి ఇమ్మన్నారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి మా మనవరాలి ఈడుది, మర్యాదస్తురాలు. నేనిచ్చిన కాగితాన్ని పైనుంచి కిందికి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగి, "ఆంటీ, ఇదొక్కటి వదిలేసిన్రు," అంది. మతం అన్న కాలమ్. కావాలనే వదిలేశానమ్మా అన్నాను. "కంప్యూటర్ తీస్కోదాంటీ," అంది, ఆ కంప్యూటర్ తరఫున తనే సిగ్గుపడుతూ. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ముప్ఫై మూడేళ్లు నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో కూర్చుని, ఒక్క కాలమ్ ఖాళీగా కనబడితే చాలు, కాగితాన్ని వెనక్కి కొట్టిన మనిషిని నేను. ఆ రోజుల్లో నా బల్ల ముందు నిలబడి బతిమాలుకున్న వాళ్లెవరైనా ఆ వరసలో ఉండి ఉంటే కడుపునిండా నవ్వుకునేవారు. రేపొస్తానని చెప్పి కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బయటికొచ్చాను. ఇంటికి పోవాలంటే చాదర్‌ఘాట్ వైపు బస్సెక్కాలి. బస్సొచ్చింది, వెళ్లింది, ఇంకోటొచ్చింది. నేను స్టాపులో అలాగే నిలబడి నా స్నేహితురాల్ని తల్చుకుంటున్నాను.

మేమిద్దరం కలుసుకున్నది కూడా ఒక ఖాళీ కాలమ్ మీదే. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. వచ్చిన ప్రతి కాగితం సరిగ్గా నింపారో లేదో చూడ్డం నా పని. ఆవిడ మా సెక్షన్‌కి టైపిస్టుగా కొత్తగా వచ్చింది. చేరేటప్పుడు ఇచ్చిన కాగితాల్లో మతం దగ్గర ఏమీ రాయలేదు. రివాజు ప్రకారం ఎర్ర సిరాతో సున్నా చుట్టి వాపస్ పంపాను. ఐదు నిమిషాల్లో ఆ కాగితం పట్టుకుని మనిషే వచ్చింది. చామనచాయ, బొద్దు మనిషి, జడలో చేమంతులు, నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ, మెడలో నల్లతాడుకి చిన్న శిలువ. నేను ఆ కుంకుమనీ, ఆ శిలువనీ మార్చి మార్చి చూస్తుంటే, "ఏం రాయాలె మేడమ్? గింత జాగల పట్టదు," అంది. ఏదో ఒకటి రాయండి అన్నాను. ఏదో ఒకటి రాస్తే తక్కినోళ్లు అలుగుతారంది. వెనక వరస పెరిగిపోతోంది. విసుగొచ్చి, "అయితే ఒక గీత గీయండి. గీత ఉంటే ఖాళీ వదిలినట్టు కాదు," అన్నాను. మా ఆఫీసు శాస్త్రం అది. ఆవిడ ముఖం విప్పారింది. అక్కడికక్కడే నా కలం తీసుకుని, పెళ్లిపత్రిక మీద సంతకం చేసినంత శ్రద్ధగా అడ్డంగా ఒక గీత గీసింది. ఆ రోజునుంచి ఏ కాగితమొచ్చినా ఆ కాలమ్‌లో ఆవిడది గీతే.

మధ్యాహ్నం తన డబ్బా తీసుకుని నా బల్ల దగ్గరికే వచ్చి కూర్చుంది. మాది గుంటూరు వైపు, రాష్ట్రం ఏర్పడినప్పుడు గుమాస్తా ఉద్యోగం మీద మా నాన్న హైదరాబాదు వచ్చాడని తెలుసుకుని, "గట్లనా. అప్పుడు మీవోళ్లు మావోళ్లు వియ్యమందిన్రు గదా, నువ్వు నాకు వదినెవైతవు," అని వరస కలిపేసింది. అంతే, ఆఫీసంతా నాకు పేరే లేనట్టు వదినె అనే పిలవడం మొదలుపెట్టారు. చాలా ఏళ్ల తర్వాత రాష్ట్రం విడిపోయిన నాడు నేనే ఫోన్ చేసి, "ఇంక నేను నీకేమవుతానో చెప్పు," అన్నాను. "తెగదెంపులైతే అయినయి, వదినె వరస యాడికి పోతది," అంది. నేనూ ఆవిణ్ణి వదినా అనే పిలిచేదాన్ని. ఇప్పుడు కూడా పేరు రాయబుద్ధి కావడం లేదు.

ఆవిడ కథ ఆవిడే చెప్పేది, అదీ ఎప్పుడో, ఏ గోంగూర తెంపుతూనో. సిద్దిపేట అవతల ఏదో పల్లె. ఎనిమిదేళ్లప్పుడు తల్లి పోయింది. సాకలేక తండ్రి తీసుకొచ్చి ఆబిడ్స్‌లో సిస్టర్లు నడిపే ఆడపిల్లల హాస్టల్లో వదిలాడు. అక్కడే చదువు, అక్కడే టైపు. పద్దెనిమిదేళ్లొచ్చాక ఎవరూ బలవంతం చేయకుండానే తనంతట తను బాప్తిస్మం తీసుకుంది. తీసుకున్న ఏడాదే ఆషాఢంలో ఊరికి వెళ్లి, తల్లి ఎత్తిన ఎల్లమ్మ బోనం తను ఎత్తుకుంది. ఫాదర్ పిలిచి మందలించాడట. "మా అమ్మకు మాటిచ్చిన ఫాదర్, అమ్మ అనేది మీక్కూడ ఉంది గదా," అందట. ఆయన మళ్లీ అడగలేదు. ఉద్యోగమొచ్చాక నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుంది. ఇంటావిడ తురకావిడ, అందరూ ఖాలా అనేవాళ్లు. చేరిన ఏడాదే మా వదినకి టైఫాయిడ్. అది రంజాన్ నెల. ఖాలా రోజా ఉండి, ఎండిన నోటితో జావ కాచి, చెంచాతో పట్టించి ఇరవై రోజులు సాకింది. మరుసటేడు, "ఖాలా కోసం ఒక్కరోజు ఉంటా," అని రోజా మొదలుపెట్టింది. ఒక్కరోజు ముప్ఫై రోజులైంది, ముప్ఫై ఏళ్లైంది. గురువారం సాయంత్రం ఖాలాతో నాంపల్లి దర్గాకి, ఆదివారం పొద్దున ఆబిడ్స్ చర్చికి, మంగళవారం అమ్మవారికి. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఇదంతా ఏమిటి వదినా, ఏదో ఒకటి పట్టుకోవచ్చు కదా అని. ఆవిడ చేతిలో కూర కింద పెట్టింది. "పుట్టంగనే అమ్మ పెట్టింది. ఇంతెత్తయ్యేదాక సిస్టర్లు పెట్టిన్రు. పడిపోతే ఖాలా పెట్టింది. అన్నం పెట్టినోళ్లల్ల ఎవ్వల్ని ఇడిసిపెట్టాలె, నువ్వే చెప్పు." నేను ఇంకో గోంగూర కట్ట విప్పాను.

ఆఫీసులో ఆవిడతో పెద్ద తమాషా ఐచ్ఛిక సెలవుల దగ్గర. సంవత్సరం మొదట్లో పెద్ద జాబితా వస్తుంది, అందులోంచి ఎవరికి కావలసిన ఐదు వాళ్లు ఏరుకోవాలి. మేమంతా మా మా పండుగలు చూసుకుని రెండు నిమిషాల్లో తేల్చేస్తే, ఆవిడ పెన్సిల్ చెవి మీద పెట్టుకుని మూడ్రోజులు ఆలోచించేది. ఏది తీసుకుంటే ఏదడ్డం వస్తుందోనని నన్ను కూర్చోబెట్టి తంటాలు పడేది. మా సూపరింటెండెంట్ ఆ కాగితం చూసి, "మీకొక్కరికే ప్రత్యేకంగా కేలెండరు వేయించాలమ్మా," అనేవాడు. భోజనాల వేళ సుల్తాన్ బజార్ దాకా నడిచి వెళ్లొచ్చేవాళ్లం. ఒక్క సంచిలోనే పసుపు పొట్లం, కొవ్వొత్తుల కట్ట, ఊదు, గులాబీ పూలు, గాజులు. ఆ సంచి మూతి విప్పితే మూడు రకాల వాసనలు కలిసి ఒక్క వాసనగా వచ్చేవి. ఆ వాసన నాకు ఇంకెక్కడా దొరకలేదు. రంజాన్‌లో ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టదు కదా అని నేను డబ్బా పట్టుకుని రికార్డు గదిలోకి పోబోతే, "ఈడ్నే తిను. నీ పెరుగన్నం సూస్తే ఉన్న ఆకలి గూడ సచ్చిపోతది, నాకు పుణ్యం," అనేది.

మా ఇంటికి వచ్చేది. మా అమ్మ ఆవిడంటే ప్రాణం పెట్టేది, ఆ మాట అబద్ధం కాదు. కానీ కాఫీ మాత్రం వేరే గ్లాసులో ఇచ్చేది. ఆ గ్లాసు వంటింట్లోకి వచ్చేది కాదు, వసారా గూట్లో ఉండేది. ఆవిడకి మొదటి రోజే తెలిసిపోయింది. తాగి, తనే కడిగి, గూట్లో బోర్లించి, "పెద్దమ్మా, నా గ్లాసు ఎవ్వరికి ఇయ్యకు," అని నవ్వేది. నేను పక్కనే ఉండేదాన్ని. ఒక్క మాట అంటే మా అమ్మ వినేదే, నా మాట అమ్మ ఎప్పుడూ తీసిపారేయలేదు. అనలేదు. ఎందుకులే, ఇంట్లో గొడవ అనుకున్నాను. నా జీవితంలో నేను చేసిన తప్పులన్నీ ఈ 'ఎందుకులే'లోంచి పుట్టినవే. నేను పనిగట్టుకుని ఎవరికీ చెడు చేయలేదు. నోరు తెరవాల్సిన చోట తెరవలేదు, అంతే. అంతే అని ఇన్నాళ్లూ అనుకున్నాను కూడా.

ఒకసారి మా ఆఫీసులో ఒక సహోద్యోగి పోయాడు. ఆయన చర్చిలో పెళ్లి చేసుకున్నవాడు, అన్నదమ్ములేమో హిందువులు. శవాన్ని నడింట్లో పెట్టుకుని పూడ్చాలా కాల్చాలా అని రెండు పక్షాలూ కాలర్లు పట్టుకున్నాయి. చూడ్డానికి వెళ్లిన మేము వాకిట్లోంచే వెనక్కి వచ్చేశాం. గౌలిగూడలో బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆవిడ వచ్చిన బస్సు వదిలేసింది. తర్వాత, "వదినె, నేను పోయిన్నాడు గిట్ల కావద్దు," అంది. అప్పుడే చావు మాటలెందుకన్నాను. వినిపించుకోలేదు. "మా అన్న కొడుకు ఊరికి తీస్కపోతడు, తీస్కపోని. మట్టయినా మంటయినా నాకు ఒక్కటే, వానికి ఊర్ల మాట రావద్దు. గని నన్ను సాకినోళ్లంతా ఒక్కసారి వచ్చి సూసిపోవాలె. నువ్వు గేటు కాడ నిలబడు. ఎవ్వల్ని వాపస్ పంపకు. వాపస్ పంపుడు నీకు మస్తు అలవాటు." చివరి మాటకి ఇద్దరం నవ్వాం. "సరే, నిలబడతాను," అన్నాను. చేతిలో చెయ్యి కూడా వేశాను.

ఇద్దరం రిటైరయ్యాం. ఆవిడ ఖాలా ఇంట్లో అదే గదిలో ఉండిపోయింది. ఎనిమిదేళ్ల కిందట, చలికాలం, ఒక పొద్దున ఖాలా కొడుకు ఫోన్ చేశాడు. స్నానానికి లేచి పడిపోయిందట. ఆటోలో నేను వెళ్లేసరికి దగ్గర్లో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చారు. మెదడులో నరం చిట్లిందన్నారు. కౌంటర్ దగ్గర చేర్చుకునే ఫారం ఇచ్చారు. ఖాలా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి నా చేతికిచ్చి, "నువ్వు రాయి బేటీ, ఆమె సంగతి నీకు మాలూమ్," అంది. అన్నీ రాశాను. వయసు, చిరునామా, రక్తం గ్రూపు. మతం దగ్గరికొచ్చేసరికి చేయి ఆగింది. గీత గీయాలని నాకు తెలుసు. ఆ గీత నేర్పింది నేనే. కానీ కౌంటర్ మనిషి తొందరపెడుతున్నాడు, ఆవిడ మేనల్లుడికి కబురు వెళ్లింది, అతను వచ్చి చూస్తాడు, గీత చూసి ఇదేమిటని అడుగుతాడు, అదంతా ఎందుకులే అనిపించింది. కాగితాల మీద పుట్టినప్పటి పేరే కదా ఉన్నది అని 'హిందూ' అని రాసేశాను. అక్షరాలు కూడా ముత్యాల్లా రాశాను, పాడు అలవాటు. ఖాలా పక్కనే నిలబడి, "సబ్ ఠీక్ రాసినవా?" అంది. ఔనన్నాను.

మేనల్లుడు గౌలిగూడలో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో లారీల సామాను దించే పని చేసేవాడు. గంటలో వచ్చేశాడు. అతణ్ణి ఏమీ అనడానికి లేదు. మూడ్రోజులూ ఆ ఐసీయూ తలుపు దగ్గర నేల మీదే కూర్చున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ పోయింది. ఖాలాకి నేనే ఫోన్ చేసి చెప్పాను, చర్చిలో వాళ్లకీ నేనే చెప్పాను. గంట తిరక్కుండా అందరూ వచ్చారు. మొదటి అంతస్తు కిటికీలోంచి చూస్తే ముందు గేటు అవతల రోడ్డు మీద ఖాలా, ఆమె ఇద్దరు కోడళ్లు బురఖాల్లో, వాళ్ల పక్కన ముసలి ఫాదర్, చేతుల్లో పూలతో ఐదారుగురు చర్చి ఆడవాళ్లు. మేనల్లుడు కూడా చూశాడు. ముఖం పాలిపోయింది. నన్ను పక్కకి పిలిచాడు. "మేడమ్, గంతమంది ఎందుకొచ్చిన్రు? అత్తమ్మను తీస్కపోతమంటరా ఏంది? ఊర్ల కులపోళ్లు నన్ను బత్కనియ్యరు. కాయితంల మీరు హిందూ అని రాసిన్రు గదా, అత్తమ్మ గట్లనే చెప్పిందా?"

నేను చెప్పాల్సిన మాట చాలా చిన్నది. నాయనా, ఊరికే తీసుకెళ్లు, మీ అత్తమ్మ కూడా అదే అంది, ఓ పది నిమిషాలు వాళ్లని లోపలికి రానివ్వు, చూసి వెళ్లిపోతారు. ఇంతే. అతను ఒప్పుకునేవాడు. మంచివాడు, భయపడ్డాడు, అంతే. కానీ ఆ మాట చెప్తే ఆ కాగితం సంగతి వస్తుంది. ఖాలా ముందు, ఫాదర్ ముందు, అలా ఎందుకు రాశావని అడుగుతారు. మా సహోద్యోగి ఇంట్లో కాలర్లు పట్టుకున్న దృశ్యం కళ్ల ముందు ఆడింది. "ఔనయ్యా, అలాగే చెప్పింది," అన్నాను. అతను కళ్లు తుడుచుకుని నాకు దండం పెట్టి, వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి, ఇంటోళ్లు తప్ప ఎవరినీ రానివ్వద్దని చెప్పాడు. అంబులెన్సు వెనక గేటులోంచి వెళ్లింది. నేనూ వెనక గేటులోంచే బయటికి వచ్చాను. అక్కడే ఆటో మాట్లాడుకుని ఇంటికి పోయాను. దారిపొడుగునా ఏడ్చాను. ఏడ్చినంత మాత్రాన ఆటో వెనక్కి తిప్పమనలేదు.

తర్వాత ఎనిమిదేళ్లు నాంపల్లి మొహం చూడలేదు. స్టేషన్‌కి పోవాలన్నా సికింద్రాబాదులో రైలెక్కేదాన్ని, మా అబ్బాయి విసుక్కునేవాడు. ఖాలా రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. తిట్టడానికే చేసిందనుకున్నాను. తిడితే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఆ రోజు బ్యాంకు నుంచి నేను చాదర్‌ఘాట్ బస్సెక్కకుండా నాంపల్లి వైపు నడిచాను. మోకాళ్లు నొప్పి, రెండుచోట్ల కూర్చున్నాను. సందు అలాగే ఉంది, ఇళ్లు మాత్రం పైకి లేచాయి. పెద్ద కోడలు తలుపు తీసి లోపలికి తీసుకెళ్లింది. ఖాలా మంచం మీద దిండుకానుకుని కూర్చుని ఉంది. చూపు పోయింది. ఎనభై ఐదు దాటి ఉంటాయి. "ఖాలా, నేను," అన్నాను. అంతే అన్నాను. "వదినె," అంది. ఆమె కూడా నన్ను మా వదిన పిలిచినట్టే పిలిచేది, ఆ సంగతి నేనే మర్చిపోయాను. చేయి చాపి నా ముఖమంతా తడిమింది. క్షమించమని అడగడానికి దారంతా మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను. ఆ రోజు... అని మొదలుపెట్టాను.

ఆమే అందుకుంది. "ఆ దినం మేము లడాయికి రాలే బేటీ. ఊరికి తీస్కపోతరని మాకు మాలూమ్, ఆమెనే చెప్పిండె. ఫాదర్ సాబ్ గూడ, మనకేం వద్దు, జర ముఖం సూసి పోదమన్నడు. వాచ్‌మన్ రానియ్యలే. నా కోడండ్లు ఇంటికి పోదమన్నరు. నేనే వద్దన్న. ఫికర్ జెయ్యకున్రి, వదినె వస్తది, గేటు కాడ నిలబడ్తది, ఎవ్వల్ని వాపస్ పంపదు, పోయినామె బతికున్నప్పుడే నాకు చెప్పిపెట్టిందన్న. చర్చోళ్లకు గూడ చెప్పిందట. అందరం నీ కోసమే ఆగినం. పొద్దుగూకి మగ్రిబ్ అజా అయ్యేదాక ఆగినం. నువ్వు లోపల ఏడుస్తున్నవేమో అనుకున్న. ఇంటికి ఎట్ల పోయినవో ఏమోనని ఫోన్ చేసిన, ఎత్తలే."

నేను వెనక గేటులోంచి వెళ్లిపోయానని చెప్పాను. కాగితం మీద ఏం రాశానో కూడా చెప్పాను. ఖాలా నా చేయి పట్టుకుని వదల్లేదు. తర్వాత లోపలికి తల తిప్పి, "వదినెకు చాయ్ పెట్టు," అని కోడలికి చెప్పింది. ఆ చాయ్ తాగి, సాయంత్రం బస్సులో ఇంటికొచ్చాను. మధ్యాహ్నమే వెళ్లిపోయిన నా కోసం చీకటి పడేదాకా ఆ గేటు దగ్గర నిలబడ్డవాళ్లు ఆ రాత్రికి ఇళ్లకు వెళ్లిపోయారు, ఫాదర్ ఈ లోకంలోంచే వెళ్లిపోయాడు, ఖాలాకి కళ్లు పోయాయి. ఆ రోజు మేనల్లుడికి ఆ మాట చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలేది, ఇప్పుడు ఆ నిమిషం తప్ప నా దగ్గర కావలసినంత కాలం ఉంది.